రిట్రీవర్ ట్రైనర్ అవ్వాలంటే: పక్షి పడే చోటు నుంచి మొదలుపెట్టండి

రిట్రీవర్ ట్రైనర్ అవ్వాలనుకునే వాళ్ళలో చాలామంది మొదట విజిల్ కొంటారు, తర్వాత రిమోట్‌తో కుక్క మెడకు చిన్న కరెంటు షాక్ తగిలించే ఎలక్ట్రానిక్ కాలర్ కొంటారు, ఆ తర్వాత కుక్కపిల్లను తెచ్చుకుంటారు. ఈ వరుస తలకిందులు. మీరు ముందుగా సంపాదించాల్సింది ఇంకొకరి మైదానంలో, ఇంకొకరి కుక్కల కోసం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బంపర్లు (శిక్షణలో పక్షికి బదులు వాడే డమ్మీలు) విసిరే అవకాశం. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

అసలు పని ఏమిటో ముందు చూద్దాం. లాబ్రడార్, గోల్డెన్, చెసపీక్ బే, ఫ్లాట్‌కోటెడ్ వంటి జాతులను రిట్రీవర్లు అంటారు. వేటలో పడిన బాతునో ఇంకో పక్షినో నేల మీద నుంచైనా నీళ్ళలోంచైనా వెతికి, నలగకుండా తెచ్చి చేతికివ్వడం వీటి పని. లాబ్రడార్ పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల పడవల్లో పనిచేసినవి. బ్రిటన్‌లోని పెద్ద ఎస్టేట్ల వాళ్ళు వాటిని తెచ్చుకుని జాతిగా నిలబెట్టారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను విడి జాతిగా గుర్తించింది. అమెరికాలో రిట్రీవర్లకు మొదటి లైసెన్స్ పోటీ 1931 డిసెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలోని చెస్టర్‌లో జరిగింది. ఆ కాలంలో అక్కడి ధనికులు స్కాట్లండ్ నుంచి ట్రైనర్లను రప్పించుకుని జీతం మీద ఉంచుకునేవారు. గొర్రెల కుక్కలను విజిల్‌తో, చేతి సైగలతో నడిపించే పద్ధతిని రిట్రీవర్ల దగ్గరికి తెచ్చిన వాళ్ళలో డేవ్ ఎలియట్ పేరు ముందు చెబుతారు. ఇప్పుడు ఎస్టేట్ ఉద్యోగాలు తగ్గిపోయాయి. వేటగాళ్ళు, పోటీల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు తమ కుక్కను నెలల తరబడి ట్రైనర్ దగ్గర వదిలి నెలనెలా ఫీజు కడతారు. మీ వృత్తి అంటే అదే: ఇంకొకరి కుక్కను మీ దగ్గర పెట్టుకుని, తయారుచేసి, తిరిగి వాళ్ళ చేతిలో పెట్టడం.

మొదట రెండు మాటలు తెలుసుకోండి: మార్క్, బ్లైండ్

కుక్క చూస్తుండగా పక్షి పడితే అది మార్క్. పడిన చోటును కుక్క కళ్ళతో గుర్తుపెట్టుకుని, మీరు వదిలాక నేరుగా అక్కడికి వెళ్ళాలి. ఒకటి పడితే సింగిల్, వరసగా రెండు పడితే డబుల్, మూడు పడితే ట్రిపుల్. చివర పడినదాన్ని ముందు తెచ్చినా, మొదట పడినది కుక్క బుర్రలో అలాగే నిలబడి ఉండాలి.

బ్లైండ్ అంటే కుక్క చూడకుండా ముందే పెట్టి ఉంచిన పక్షి. అదెక్కడుందో మీకు మాత్రమే తెలుసు. మీరు కుక్కను ఒక దిక్కున నిలబెట్టి పంపుతారు. దారి తప్పితే ఒక పొడుగు విజిల్. కుక్క ఎక్కడున్నా గిరుక్కున తిరిగి కూర్చుని మీ వైపు చూడాలి. మీరు చేయి చాపిన వైపుకు మళ్ళీ కదలాలి. ఈ సైగను కాస్ట్ అంటారు. మార్క్‌లో కుక్క తన కంటినీ ముక్కునూ నమ్ముతుంది, బ్లైండ్‌లో మిమ్మల్ని నమ్ముతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. బ్లైండ్లు ఎక్కువ చేయిస్తే కుక్క మార్క్‌లో కూడా మధ్యలో ఆగి "ఇప్పుడెటు?" అన్నట్టు వెనక్కి చూడడం మొదలుపెడుతుంది. దాన్ని పాపింగ్ అంటారు. మార్కులే ఎక్కువ చేయిస్తే విజిల్‌ను లెక్కచేయదు. ఈ రెండింటి మధ్య తూకం తప్పకుండా చూసుకోవడంలోనే ట్రైనర్ పనితనమంతా ఉంది.

పోటీలు కూడా రెండు రకాలు. హంట్ టెస్ట్‌లో ఒక ప్రమాణం ఉంటుంది, దాన్ని అందుకున్న కుక్కలన్నీ పాసవుతాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వీటిని 1985లో మొదలుపెట్టింది. జూనియర్, సీనియర్, మాస్టర్ అని మూడు స్థాయిలు. జూనియర్ మార్కులు 100 గజాలు దాటవు. ఫీల్డ్ ట్రయల్ మాత్రం ఒకదానితో ఒకటి పోటీ, గెలిచేది ఒక్కటే. అక్కడ 300 గజాల మార్కులు మామూలు విషయం. పక్షిని విసిరిన మనిషి కుక్క వచ్చేలోపు దాక్కోవడం కూడా ఉంటుంది. ఏ దారిలో వెళ్తారో ముందే తేల్చుకోండి. హంట్ టెస్ట్ కుక్కలతో చక్కగా బతకొచ్చు, ఎక్కువమంది యజమానులకు కావలసిందీ అదే. ఫీల్డ్ ట్రయల్‌కు స్థలం, నీళ్ళు, మనుషులు, ప్రయాణాలు అన్నీ ఎక్కువ.

ఒక ట్రైనర్ దగ్గర చేరండి

ఈ పనికి కాలేజీ డిగ్రీ అక్కర్లేదు. పేరున్న ట్రైనర్ దగ్గర సహాయకుడిగా రెండు మూడేళ్ళు చేయడమే దీనికి చదువు. కెన్నెళ్ళు కడగడం, తిండి పెట్టడం, కుక్కలను బయటికి వదిలి మలం ఎలా ఉందో చూడడం, ట్రక్కు పెట్టెల్లో ఎక్కించడం, చెరువు గట్టు మీద గడ్డి కోయడం, తర్వాత మైదానంలోకి నడిచి వెళ్ళి బంపర్లు విసరడం. ఒక్క రోజులో వంద విసుర్లు దాటిపోతాయి.

చేరేముందు ఒకటి రెండు రోజులు ఊరికే వెళ్ళి చూడండి. చూడాల్సింది కుక్కలు ఎంత బాగా చేస్తున్నాయని కాదు. ట్రక్కు తలుపు తీసినప్పుడు కుక్కలు ఎలా దిగుతున్నాయో చూడండి. తోక ఊపుతూ, లైన్ (కుక్కను పంపే చోటు) దగ్గరికి లాక్కుంటూ వెళ్తుంటే అక్కడ చేరండి. పొట్ట నేలకు ఆనించి, చెవులు వెనక్కి పెట్టి వస్తుంటే ఆ ట్రైనర్‌కు ఎన్ని కప్పులున్నా వెనక్కి వచ్చేయండి.

నేను మొదటి ఏడాదంతా తెల్ల కోటు వేసుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని విసిరాను. మా ట్రైనర్ దాదాపు 200 గజాల అవతల ఉండేవాడు. ఆయనకు కుక్క ఒక చుక్కలా కనిపించేది. నా దగ్గరికి వచ్చేసరికి ఆ చుక్క కుక్క అయ్యేది. ఒక నల్ల ఆడ లాబ్రడార్ ఉండేది. బంపర్‌కు ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే దాని ముక్కు ఒక్కసారి గాలి వైపు విరిగేది, వీపు కొద్దిగా కుంగేది, మరుక్షణం బంపర్ నోట్లో ఉండేది. ఇంకో పసుపు మగది అంతే వేగంగా వచ్చి, బంపర్ దాటి పదిగజాలు పోయి, వెతుకుతూ వెతుకుతూ నా కళ్ళలోకి చూసేది. అప్పుడు మా ట్రైనర్ రేడియోలో "ఏం చేస్తోంది?" అని అడిగేవాడు. "వెతుకుతోంది" అనేవాడిని. "ఎవరి కోసం?" అని అడిగాడు ఒకరోజు.

ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు చాలా రోజులు పట్టింది. అది నా కోసం వెతుకుతోంది. కుక్క దారి తప్పితే విసిరేవాడు "హే హే" అని అరిచి ఇంకో బంపర్ గాల్లోకి వేసి సాయం చేస్తాడు. నేను జాలిపడి, చెప్పకముందే, రెండో చుట్టుకే సాయం చేసేస్తూ వచ్చాను. కొన్ని వారాల్లో ఆ కుక్క నేర్చుకున్నదేమిటంటే, గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు, ఆ తెల్ల కోటు మనిషి దగ్గరికి పోయి తిరిగితే చాలు అని. దాన్ని సరిచేయడానికి మా ట్రైనర్‌కు ఆ సీజన్ మొత్తం పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నా ముందే ఆ కుక్కకు మళ్ళీ 50 గజాల సింగిళ్ళు మొదలుపెట్టాడు.

అందుకే పక్షి పడే చోటు నుంచి మొదలుపెట్టమంటున్నాను. కుక్క వెతుకుతోందా, వెతుకుతున్నట్టు నటిస్తోందా, భయపడిందా, అలసిపోయిందా, ఇవి దగ్గరగా వందల సార్లు చూస్తే తప్ప దూరం నుంచి గుర్తుపట్టలేరు. తర్వాత మీరు లైన్ దగ్గర విజిల్ పట్టుకుని నిలబడినప్పుడు, ఆ చుక్క కదిలే తీరును బట్టే అక్కడ ఏం జరుగుతోందో మీకు తెలుస్తుంది. గాలి సంగతి కూడా అక్కడే వంటపడుతుంది. పక్క నుంచి గాలి వీస్తే కుక్క తెలియకుండానే గాలి పోయే వైపుకు జారుతుంది. వాసన అటే కొట్టుకుపోతుంది గనుక చాలాసార్లు ఆ జారుడే దాన్ని పక్షి దగ్గరికి చేరుస్తుంది, కొన్నిసార్లు పూర్తిగా తప్పిస్తుంది.

ఒక కుక్కను మొదటి నుంచి చివరి దాకా తయారుచేయండి

సహాయకుడిగా ఉంటూనే ఒక కుక్కపిల్లను మీదిగా పెంచండి. ఇతరుల కుక్కల్లో మీరు మధ్య ముక్కలే చూస్తారు. మొదలూ చివరా చూడాలంటే సొంతది ఉండాలి. ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రుల తుంటి ఎముకల ఎక్స్‌రే ఫలితాలు, కంటి పరీక్షలు, ఇఐసి డీఎన్ఏ పరీక్ష చూడండి. ఇఐసి అంటే శ్రమ చేసినప్పుడు కూలబడిపోయే జబ్బు, లాబ్రడార్లలో బాగా కనిపిస్తుంది. పూర్తి ఆరోగ్యంగా కనిపించే కుక్క అయిదు నుంచి పావుగంట గట్టిగా పరిగెత్తాక వెనక కాళ్ళు తేలిపోతాయి, కొన్ని కుక్కలు చనిపోతాయి కూడా. దీనికి కారణమైన జన్యు మార్పును 2008లో ప్రకటించారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తేనే జబ్బు వస్తుంది, కాబట్టి పరీక్షలో తల్లిదండ్రుల్లో ఒకదానికైనా ఆ మార్పు అసలు లేదని తేలిన జంట నుంచి పిల్లను తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

మూడు నుంచి పన్నెండు వారాల వయసు కుక్కపిల్లకు లోకం పరిచయమయ్యే కాలం. మనుషులు, గడ్డి, లోతులేని గోరువెచ్చని నీళ్ళు, ట్రక్కు శబ్దం, పక్షి రెక్క. ఈ వయసులో చలినీళ్ళలోకి విసిరేసి "ఈత అదే వస్తుంది" అనేవాళ్ళను నమ్మకండి. తుపాకీ శబ్దం కూడా అంతే. పుట్టుకతో తుపాకీకి భయపడే కుక్కలు తక్కువ, మనం భయపెట్టినవే ఎక్కువ. మొదటి శబ్దం చాలా దూరం నుంచి, కుక్క బంపర్ వెంట పరిగెత్తే ఊపులో ఉన్నప్పుడు రావాలి. చెవి కూడా కదపకపోతేనే కొంచెం దగ్గరికి రావాలి.

దాదాపు ఆరు నెలలకు పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు వచ్చేస్తాయి. అప్పటిదాకా నోటితో సంబంధం ఉన్న గట్టి శిక్షణ వద్దు. నొప్పి చిగురుది అయినా కుక్క దాన్ని బంపర్‌కు అంటగడుతుంది. అప్పటిదాకా కూర్చో, రా, పక్కన నడు, ఈ మూడూ తడబాటు లేకుండా వస్తే చాలు.

తర్వాతి మెట్టు "హోల్డ్". చేతికి ఇచ్చేదాకా నోట్లోంచి వదలకూడదు, నమలకూడదు. కుక్కను బల్ల మీద కూర్చోబెట్టి ఒక కర్ర ముక్కను నోట్లో పెడతాం. మొదట్లో నాలుకతో బయటికి నెడుతుంది, తల విదిలిస్తుంది, కాలితో గీరుతుంది. మీ వేళ్ళు గడ్డం కింద మెత్తగా ఆనించి ఉంచండి. ఒత్తకండి, వదలకండి. కొంతసేపటికి గొంతు దగ్గర ఒక గుటక కదులుతుంది. ఆ తర్వాత దవడ కండ సడలి, కర్ర నాలుక మీద కుదురుకుంటుంది. ఆ గుటక కోసమే ఎదురుచూడండి. ఆ క్షణంలోనే "వదులు" అని చెప్పి తీసుకోండి. రోజుకు పది నిమిషాలు చాలు. కుక్క పెనుగులాడుతున్నప్పుడు తీసేస్తే పెనుగులాటనే నేర్పినట్టు. తొందరపడితే మొదటికే మోసం వస్తుంది.

హోల్డ్ తర్వాత "ఫెచ్". ఆజ్ఞ మీద వెళ్ళి పట్టుకోవడం. ఇష్టం ఉన్నప్పుడు తెచ్చే కుక్క చలినీళ్ళలో, ముళ్ళకంపలో, మూడోసారి పంపినప్పుడు తేదు. అందుకే దీన్ని ఆటగా వదిలేయకుండా బాధ్యతగా మలుస్తారు. చాలామంది ట్రైనర్లు చెవి మీద ఒత్తిడి పెట్టి నేర్పుతారు, కొందరు తిండి బహుమతులతోనే నేర్పుతారు. ఏ పద్ధతైనా, నేర్పేది చేయి తిరిగిన మనిషై ఉండాలి. మీ మొదటి మూడు నాలుగు కుక్కలకు ఇది మీ ట్రైనర్ పక్కన ఉండగానే చేయండి.

ఇక్కడి నుంచి బ్లైండ్‌కు బాట పడుతుంది. ఒకచోట బంపర్ల కుప్ప పోసి, నేరుగా అక్కడికి పంపడం. దారి మధ్యలో విజిల్‌తో ఆపడం. కుడివైపు, ఎడమవైపు ఇంకో రెండు కుప్పలు పెట్టి చేతి సైగకు తిప్పడం. పై నుంచి చూస్తే ఇది ఇంగ్లిష్ టీ అక్షరంలా ఉంటుంది. ఆ తర్వాత ఇదే నీళ్ళలో, గట్టెక్కి చుట్టూ తిరిగి రాకుండా నేరుగా ఈదుతూ వచ్చేలా. ఇదంతా అయ్యాకే కుక్కకు అసలైన బ్లైండ్ చూపిస్తారు. మొదటి ఏడాది నిండేసరికి ఇక్కడికి చేరితే మంచి వేగమే. ఓపెన్ అనే పైస్థాయి ఫీల్డ్ ట్రయల్‌లో నిలబడాలంటే చాలా కుక్కలకు మూడేళ్ళు నిండాలి.

రంగుల సంగతి ఒకటి చెప్పాలి. కుక్కలకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి. ఎరుపు, నారింజ పచ్చగడ్డిలో మసకగా కలిసిపోతాయి. అందుకే మార్కులకు తెల్ల బంపర్లు, బ్లైండ్లకు నారింజ బంపర్లు. మీకు దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది, కుక్కకు కనిపించదు.

కాలర్ గురించి

ఎలక్ట్రానిక్ కాలర్‌ను దశలవారీ శిక్షణలో ఇమిడ్చిన వాళ్ళలో కాలిఫోర్నియా ట్రైనర్ రెక్స్ కార్ ప్రభావం చాలా పెద్దది. అమెరికాలో చాలామంది ప్రొఫెషనల్స్ దాన్ని వాడతారు. వేల్స్‌లో 2010 నుంచి నిషేధం. మీరు పనిచేసే చోట చట్టం ఏమిటో ముందు చూసుకోండి. నేను కాలర్ వాడిన చోట పనిచేశాను, దాన్ని చెడ్డ చేతుల్లో చూశాను, మంచి చేతుల్లోనూ చూశాను. నా మాట ఒక్కటే: కుక్కకు ఇంకా తెలియని విషయాన్ని దానితో నేర్పకండి. విజిల్ అంటే కూర్చోవడమని తాడు మీద వందసార్లు తెలిసిన కుక్క, తెలిసీ వినకపోతే, అప్పుడు తక్కువ స్థాయిలో ఒక్కసారి. తెలియక తప్పు చేసిన కుక్కను వెనక్కి పిలిచి దగ్గర నుంచి మళ్ళీ చూపించండి. మీకు కోపం వచ్చిన రోజు రిమోట్‌ను ట్రక్కులో పెట్టి తాళం వేయండి. స్థాయి ఏమిటో మీ అరచేతి మీద చూసుకోకుండా కుక్క మెడకు కట్టకండి.

కుక్క ప్రాణం మీ చేతిలో ఉంది

ఎంత గొప్ప ట్రైనర్ అయినా యజమానికి కుక్క చనిపోయిందని ఫోన్ చేయాల్సి వస్తే అక్కడితో అతని పేరు పోతుంది. ఎక్కువ భయపడాల్సింది ఎండకు. కుక్క చల్లబడేది ఎక్కువగా వగర్పు వల్లే. మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది, 41 దాటితే ప్రాణాపాయం. నాలుక గరిటెలా వెడల్పయి పక్కకు వేలాడడం, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరగడం, తిన్నగా పరిగెత్తలేకపోవడం కనిపిస్తే వెంటనే ఆపండి. ముందు ఒళ్ళంతా నీళ్ళు పోసి, గాలి తగిలేలా చేసి చల్లబరచండి, ఆ తర్వాతే ఆసుపత్రికి బయల్దేరండి. తడి తువాలు కప్పి ట్రక్కు పెట్టెలో మూసేయడం చాలామంది చేసే తప్పు. ఆ తువాలు కాసేపటికే దుప్పటి అయిపోతుంది. రిట్రీవర్ తనంతట తాను ఆగదు, కూలిపోయేదాకా తెస్తూనే ఉంటుంది. ఆపాల్సింది మీరే.

నీళ్ళలోనూ జాగ్రత్తలున్నాయి. ఆపకుండా విసురుతూ ఈదిస్తే బంపర్‌తో పాటు నీళ్ళు మింగి, రక్తంలో సోడియం పడిపోయి కుక్క తూలుతుంది, వాంతులు చేసుకుంటుంది. మధ్య మధ్య గట్టు మీద విశ్రాంతి ఇవ్వండి. వేసవిలో చెరువు మీద పచ్చరంగు పోసినట్టు నాచు తేలితే ఆ నీళ్ళలోకి దించకండి. నీలి ఆకుపచ్చ నాచు విషం గంటల్లో చంపగలదు. చలినీళ్ళలో ఈదిన మర్నాడు తోక మొదట్లో విరిగినట్టు వేలాడితే కంగారు పడొద్దు, కొన్ని రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. ప్రతి సాయంత్రం వేళ్ళ సందులు, చెవులు, కళ్ళ మూలలు తడిమి గడ్డి ముళ్ళు తీయండి. అవి చర్మంలోకి దిగి లోపలికి నడుచుకుంటూ పోతాయి.

సొంతంగా మొదలుపెట్టేటప్పుడు

లెక్క వేసుకోండి. ఒక్కో కుక్కకు ఒక సెటప్ (మైదానంలో మార్కులో బ్లైండ్లో అమర్చి చేయించే ఒక అభ్యాసం) మీద పావుగంట అనుకుంటే 12 కుక్కలకు మూడు గంటలు. రోజుకు రెండు సెటప్‌లు అంటే ఆరు గంటలు. దీనికి కెన్నెల్ పని, ప్రయాణం, తిండి కలిపితే రోజు నిండిపోతుంది. మొదటి ఏడాది ఆరు నుంచి ఎనిమిది కుక్కల కంటే ఎక్కువ తీసుకోకండి. 20 కుక్కలు తీసుకుంటే కనీసం ఇద్దరు సహాయకులు కావాలి. లేకపోతే కొన్ని కుక్కలు పెట్టెలోనే రోజంతా గడుపుతాయి, వాటికీ యజమాని ఫీజు కడుతూనే ఉంటాడు. ఇది మోసం.

స్థలం సొంతం కానక్కర్లేదు, రైతుల దగ్గర అనుమతి తీసుకున్నా సరిపోతుంది. కానీ నీళ్ళు ఒకటి కాదు, రెండు మూడు రకాలు కావాలి. ఒకే చెరువులో నేర్చిన కుక్క ఆ చెరువునే నేర్చుకుంటుంది. వాతావరణం చల్లబడితే చెరువులు గడ్డకట్టే చోట్ల ట్రైనర్లు కుక్కలతో సహా దక్షిణాదికి తరలిపోతారు, వేసవిలో ఉత్తరానికి వస్తారు. సంసారం ఉన్నవాళ్ళు ఈ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. బీమా, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి. పశువైద్యుడి ఖర్చు ఎవరిది, అత్యవసరంలో ఎంతవరకు మీరు నిర్ణయించొచ్చు, ఆడకుక్క ఎదకొస్తే ఏం చేస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. ఒకటి గుర్తుంచుకోండి: డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చే మనిషికి అమెచ్యూర్ విభాగం పోటీల్లో కుక్కను నడిపే అర్హత ఉండదు.

ప్రతి కుక్కకు ఒక నోట్‌బుక్. తేదీ, గాలి దిక్కు, సెటప్ చిన్న బొమ్మ, కుక్క వెళ్ళిన గీత, ఎక్కడ ఆగింది, ఎన్ని విజిళ్ళు. మనసు మోసం చేస్తుంది, కాగితం చేయదు. "ఇది ఎప్పుడూ ఎడమ కాస్ట్ తీసుకోదు" అనిపించిన కుక్క పుస్తకం తిరగేస్తే, గాలి ఎడమ నుంచి వీచిన రోజుల్లోనే తీసుకోలేదని తేలుతుంది.

యజమానితో నిజం మాట్లాడండి

మొదటి నెల చివర ప్రతి యజమానికి ఫోన్ చేసి ఈ కుక్క ఎంతవరకు వెళ్ళగలదో చెప్పండి. కొన్నిటికి తెచ్చే ఆశే ఉండదు. కొన్నిటికి నీళ్ళంటే ఇష్టముండదు. మంచి ఇంటి కుక్కను మంచి ఇంటి కుక్కగానే వెనక్కి పంపడం నేర్చుకోండి. ఇంకో మూడు నెలలు చూద్దాం అంటూ ఫీజు తీసుకోవడం సులువే, కానీ వేటగాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. అలాగని తొందరపడి తీర్పు చెప్పకూడదు కూడా. కింగ్ బక్ అనే నల్ల లాబ్రడార్ పిల్లగా ఉన్నప్పుడు డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన వైరస్ జబ్బు వచ్చి చావు దాకా వెళ్ళింది. కాటన్ పెర్షల్ అనే ట్రైనర్ చేతిలో అది 1952, 1953 వరస జాతీయ చాంపియన్ అయింది, బాతుల వేటగాళ్ళు కొనే అమెరికా ఫెడరల్ డక్ స్టాంపు 1959 సంచిక మీద నోట్లో బాతుతో దాని బొమ్మే ఉంది. అందుకే నెల చూడమంటున్నాను, వారం కాదు. వారానికో చిన్న వీడియో పంపండి, తప్పిన మార్క్ కూడా పంపండి. బాగా చేసినవే పంపితే యజమాని ఇంటికెళ్ళాక వచ్చే మొదటి తప్పుకే గుండె జారిపోతాడు.

కుక్కను అప్పగించే రోజు అరగంటలో ముగించకండి, పూర్తి రోజు పెట్టుకోండి. యజమానిని నెలకు ఒకసారైనా మైదానానికి పిలిచి ఉంటే ఈ రోజు తేలికవుతుంది. విజిల్ ఆయన చేతికిచ్చి మీరు వెనక్కి తప్పుకోండి. ఆయన మొదటి విజిల్ బలహీనంగా ఊదుతాడు, కుక్క మీ వైపు చూస్తుంది. అప్పుడు మీరు వీపు తిప్పుకుని నిలబడండి. రెండోసారి గట్టిగా ఊదమనండి. కుక్క ఆయన వైపు తిరిగి కూర్చునేదాకా చెరువు దగ్గరికి వెళ్ళకండి. మీరు వాడిన మాటలు, సైగలు, విజిల్ లెక్క ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. రోజూ పదినిమిషాలు ఏం చేయాలో రాయండి. ఎవరు పిలిచినా "రా" అనే మాటను ఒక్కసారే అనాలని ఇంట్లో పిల్లలకు కూడా చెప్పమనండి.

రెండు వారాల తర్వాత ఆయన చేసేదాకా ఆగకుండా మీరే ఫోన్ చేయండి. బాతుల సంగతి తర్వాత. తలుపు తీస్తే కుక్క చెప్పకుండానే కూర్చుని ఆగుతోందా అని అడగండి. ఆగడం లేదంటే ఇంకో ఆదివారం రమ్మని పిలవండి, దానికి ఫీజు తీసుకోకండి.